అయిదో నంబరు దారం

ఓదెలు రెండు పాదాల మధ్య పెన్సిల్‌ను అడ్డంగా బిగించి కూర్చున్నాడు. పెన్సిల్‌కు గుచ్చిన దారపు ఉండ గిర్రున తిరుగుతోంది. బల్ల అంచుకు కొట్టిన చెక్కముక్క మీద రీలు బిగించి ఉంది. కుడిచేత్తో దాని పిడి తిప్పుతూ, ఎడమచేతి వేళ్ల మధ్య తడిగుడ్డతో దారాన్ని నొక్కి పట్టి, వరస పక్కన వరస పడేటట్టు ఎక్కిస్తున్నాడు. గుడ్డ ఆరిపోతే దారం వేడెక్కి వేలు కోస్తుంది. వదులుగా చుడితే మొదటి పెద్ద చేపకే చిక్కుపడుతుంది. ఈ సంగతులు అతను ఎవరికీ చెప్పడు. కొన్నవాళ్లు అడగరు కూడా. ఆ ఉదయం అది నాలుగో రీలు.

దుకాణం భూపాలపల్లి మెయిన్ రోడ్డు మీద, పంక్చర్ కొట్టుకూ బేకరీకీ నడుమ ఉంటుంది. ముందు గోడకు ఆకుపచ్చ వలలూ నీలం వలలూ వేలాడుతుంటాయి. లోపల తాళ్ల చుట్టలు, సీసపు గుండ్లు, బెండ్లు, గాజు సీసాల్లో సైజుల వారీగా గాలాలు, ఒక మూల నిలబెట్టిన రాడ్లు. బొగ్గు లారీ పోయిన ప్రతిసారీ వలల మీద నల్లటి ధూళి ఒక పొర పడుతుంది. పొద్దున్నే వాటిని దులపడం ఓదెలు పని. ఇవాళ దులపలేదు. చేతులు పైకెత్తబుద్ధి కాలేదు.

ఇంటినుంచి దుకాణానికి నడిస్తే పది నిమిషాల దారి. పోయినేడు దాకా ఒక్క ఊపున వచ్చేవాడు. ఈ మధ్య రెండుచోట్ల ఆగుతున్నాడు. ఒకచోట చెప్పులో రాయి పడ్డట్టు వంగుతాడు. ఇంకోచోట గోడ మీది పోస్టరు చదువుతున్నట్టు నిలబడతాడు. ఇవాళ మూడుచోట్ల ఆగాల్సి వచ్చింది. మూడోచోట నెపం ఏదీ దొరకలేదు. ఊరికే నిలబడ్డాడు.

యాభై ఎనిమిదేళ్ల మనిషి. పొట్టివాడు. ఏళ్ల తరబడి చేతిలోని పని మీదికి వంగి వంగి మెడ ముందుకు వచ్చేసింది, నిటారుగా నిలబడ్డా ఏదో వెతుకుతున్నట్టే ఉంటాడు. చూపుడువేలి పక్కన నూలు కోసి కోసి గట్టిపడిన గాడి ఒకటి ఉంది. సబ్బుతో కడిగినా ఆ గాడిలో నలుపు పోదు.

జనగామ దగ్గర చిల్పూర్ పక్క ఊళ్లో పుట్టాడు. వాళ్ల నాయిన వలలు అల్లేవాడు. ఎనిమిదేళ్ల వయసులో వెదురు సూది ఓదెలు చేతికి వచ్చింది. అన్నలిద్దరూ చెరువులోకి దిగేవాళ్లు. అతని వేళ్లు సన్నగా, చురుగ్గా ఉన్నాయని నాయిన ఒడ్డునే కూర్చోబెట్టాడు. అలా ఒడ్డునే ఉండిపోయాడు. ఇరవై ఏళ్లప్పుడు మహబూబాబాద్ వెళ్లి ఒక వలల దుకాణంలో కూలికి కుదిరాడు. అప్పుడు ఒక పెద్ద వలకు పది పన్నెండు రోజులు పట్టేది. తర్వాత మిషను వలలు మూటలు మూటలుగా దిగాయి. అల్లే పని పోయి అతుకులేసే పని మిగిలింది, అదీ తగ్గాక గుండ్లు కట్టే పని. బయ్యారం దగ్గరి తండా నుంచి వచ్చి అదే దుకాణంలో మూటలు మోసే ప్రేమ్‌చంద్ ఒకనాడు, బొగ్గు బాయిల ఊళ్లో సొంతంగా దుకాణం పెడుతున్నానన్నాడు. అక్కడివాళ్లకు షిఫ్టులుంటాయి, సెలవుంటుంది, గాలాలు పట్టుకుని చెరువుల మీదికి పోతారు, నువ్వు నాతో రా అన్నా అన్నాడు. ఓదెలు, భార్య కట్టమ్మ, రెండు పెట్టెలతో వచ్చారు. అది జరిగి పదకొండేళ్లు.

చేపలు పట్టే ఇంట్లో పుట్టినా ఓదెలు పట్టిన చేపలు తక్కువ. అతని చేతిలోంచి పోయిన దారం మాత్రం ఎన్ని చెరువుల్లో తడిసిందో చెప్పడం కష్టం.

పది గంటలప్పుడు ఒక పొడుగాటి మనిషి మెట్టెక్కి, గుమ్మం పట్టుకుని కాసేపు ఊపిరి తీసుకున్నాడు. నుదుటి మీదా ముక్కు పక్కనా చర్మం కింద నీలం చుక్కలున్నాయి. బొగ్గు పెళ్ల తగిలి మానిన గాయాలు అలా నీలంగానే మిగిలిపోతాయి. ఎడమచేతికి చివరి రెండు వేళ్లు లేవు.

"ఏం గావాలె సార్?" అన్నాడు ఓదెలు.

"సారేంది అన్నా. మొన్నటిదాంక బాయిల జేసినోన్ని. కృపాకర్ నా పేరు. రిటైరై నాలుగు నెలలాయె." ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. "గిది జూడు. నా బిడ్డ షారోన్ పంపింది."

ఫోన్‌లో ఏదో కొండ వాగు. మోకాటి లోతు నీళ్లలో ఒకతను నిలబడి సన్నటి రాడ్డును వెనక్కీ ముందుకీ ఊపుతున్నాడు. లావుపాటి దారం అతని తల మీద గాలిలో మెలికలు తిరిగి, సాగి, నీటి మీద చప్పుడు లేకుండా వాలింది.

"గిది గావాలె నాకు. ఉంటదా మీ దగ్గర?"

"గాలమేసి కూసునేటియి మస్తున్నయి సార్."

"కూసునేటియి వద్దు." కృపాకర్ ఫోన్ మీది బొమ్మను మళ్లీ మొదటినుంచి పెట్టాడు. "ముప్పై నాలుగేండ్లు చీకట్ల కూసున్న. గిది జూడు, నిలవడి జేస్తున్నడు. ఎండల. చుట్టూ గాలి. దవాఖానల గూడ గదే జెప్పిండ్రు, బయట తిరుగు, చేతులు ఆడియ్యి, ఊపిరితిత్తులు జర సాఫైతయి అని."

గల్లా దగ్గర ప్రేమ్‌చంద్ అప్పటిదాకా ఫోన్‌లో తండాలోని తల్లితో తమ భాషలో మాట్లాడుతున్నాడు. అది పెట్టేసి లేచి వచ్చాడు. నలభై రెండేళ్లవాడు, చురుకైన మనిషి, ఇంకా మూటలు తానే దింపుకుంటాడు.

"ఎందుకుండదు సార్. ఒక్కటే పీసున్నది, మీ కోసమే ఆగింది" అని, పై అరలోంచి గట్టి గొట్టం ఒకటి దింపి మూత తీశాడు. నల్లగా మెరిసే రాడ్డు నాలుగు ముక్కలుగా బయటికి వచ్చింది. "దారం గూడ ఉన్నది. ఓదెలన్నా, ఆ పసుపుపచ్చ దారం, చిన్న రీలు తీసి రెండు గలిపి కట్టియ్యి." మళ్లీ ఫోన్ మోగితే అటు వెళ్లాడు.

ఓదెలుకు ఆ రాడ్డు తెలుసు. రెండేళ్ల కింద కలకత్తా నుంచి సరుకుతో పాటు పొరపాటున వచ్చింది. పిడి పైన ఎనిమిది అని రాసి ఉంటుంది. పసుపుపచ్చ దారం డబ్బా మీద అయిదు అని ఉంటుంది. దుకాణంలో ఈ రెండు అంకెల అర్థం తెలిసిన మనిషి అతనొక్కడే.

కట్టి ఇచ్చి పంపితే అరగంట పని. విప్పి చెప్పాలంటే పొద్దంతా పడుతుంది. ఓదెలు దారం డబ్బా తెరిచాడు. ఒంట్లో సత్తువ లేదు. ఎవరికీ ఏదీ విప్పి చెప్పాలని లేదు. ఈ మనిషి దీన్ని తీసుకెళ్లి రెండు రోజులు ఊపి, తనకే చేతకాలేదనుకుని అటక మీద పడేస్తాడు. అందరూ అంతే. దారం కొస వెతికి బయటికి లాగాడు.

అటు కృపాకర్ రాడ్డు ముక్కలు ఒకదాంట్లో ఒకటి దూర్చి, పైకెత్తి చూసుకుంటున్నాడు. ఎత్తిన చేయి కొద్దికొద్దిగా కిందికి దిగింది. మళ్లీ ఎత్తాడు. మళ్లీ దిగింది.

"బరువున్నది గాని, అలవాటైతదిలే" అన్నాడు తనలో తాను చెప్పుకున్నట్టు. "బాయిల ఏది అల్కగుండె."

ఓదెలు చేతిలోని దారం కొస వదిలేశాడు.

"సార్, గిది మీకు పనికిరాదు."

"ఏం, ముసలోన్నని అంటున్నవా?"

"గది గాదు. మామూలు గాలానికి గుండు ఉంటది గదా. మనం ఇసిరేది గుండును. గుండు ఉరుకుతది, దారం దాని ఎన్కవడి పోతది. గీ తరీకల గుండు లేదు. గాలం ఈకంతనే. బరువంత దారానిదే. అందుకే దారానికి నంబర్లుంటయి, రాడ్డుకు నంబర్లుంటయి. రెండు ఒక్కతీరుగుండాలె. దారం రాడ్డును వంచాలె, వంగిన రాడ్డు దారాన్ని ఇసరాలె. గిది ఎనిమిదో నంబరు రాడ్డు. గది అయిదో నంబరు దారం. గా దారానికి గీ రాడ్డు వంగది."

"వంగకుంటే ఏమైతది?"

"మీ భుజం వంగుతది."

కృపాకర్ రాడ్డును బల్ల మీద పెట్టాడు.

"ఓదెలన్నా, జర ఇటు రా." ప్రేమ్‌చంద్ గొంతు నెమ్మదిగానే ఉంది. తాళ్ల చుట్టల చాటుకు తీసుకెళ్లాడు. "రెండేండ్లాయె గది మూలకు వడి. అడిగి వచ్చినోడు ఒక్కడు దొరికె. ఎందుకు చెడగొడ్తున్నవ్?"

"ఆయిన మల్ల రాడు సేటూ."

"రాకుంటే రాడు. గీ ఊర్లె గసొంటిది కొనేటోడు ఇంకోడు ఉన్నడా?"

అదీ నిజమే. అయినా ఓదెలు "నేనైతే కట్టను" అన్నాడు.

ముప్పై ఎనిమిదేళ్లుగా యజమానుల కింద చేసిన పనిలో ఆ మాట అతని నోట రావడం అదే మొదలు. అన్నాక తనకే వింతగా అనిపించింది. కోపం కూడా లేదు. అలసిపోయి ఇంకో మాట దొరక్క ఆ మాటే వచ్చినట్టుంది. ప్రేమ్‌చంద్ ఏదో అనబోయి అతని మొహం చూసి ఆగాడు.

"ఏందన్నా, పెదవులు గట్ల నల్లగైనయి? పానం మంచిగలేదా?"

"మంచిగనే ఉన్న."

"మరి ఆయినకేమిస్తవ్? ఏమున్నదని మన దగ్గర?"

ఓదెలు వెనక గదిలోకి పోయాడు.

నాలుగేళ్ల కింద కరెంటు ప్లాంటులో పనిచేయడానికి ఎక్కడో కొండల ప్రాంతం నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. వచ్చీరాని తెలుగు. ఆదివారాలు ఇలాంటి రాడ్డే పట్టుకుని వాగుల వెంట తిరిగేవాడు. ముడులు బాగా వేస్తావని ఓదెలును మెచ్చుకుని, నంబర్ల సంగతి చెప్పి, దుకాణం వెనక ఖాళీ జాగాలో నాలుగైదుసార్లు ఇసరడం కూడా చూపించాడు. ఒకరోజు జీపు తలుపు పడి ఆయన రాడ్డు కొస విరిగింది. పారెయ్ అని ఇచ్చేశాడు. కొత్త రీలూ దారమూ తెప్పించమన్నాడు. అవి వచ్చేసరికి ఆయనకు బదిలీ అయింది. ఓదెలు మూడు వారాల మధ్యాహ్నాలు కూర్చుని, విరిగిన కొస లోపల వెదురు పుల్ల చెక్కి దూర్చి, పైన పట్టుదారం వెంట్రుక సందు లేకుండా చుట్టి, వార్నిష్ పూసి ఆరబెట్టాడు. నీకే ఉంచుకో అన్నా, అన్నాడు ప్రేమ్‌చంద్.

ఉంచుకున్నాడు. ఏటా దసరాకు తీసి తుడిచేవాడు. పని చాలించుకున్నాక చిల్పూర్ పోవాలని, పట్టపగలు అందరూ చూస్తుండగా చెరువులోకి మోకాటిదాకా దిగి నిలబడాలని, అతను ఎవరికీ చెప్పుకోని ఆలోచన ఒకటుండేది. ఏ ఏడు, ఏ నెల అని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

నాలుగు ముక్కలూ చేతిలో పట్టుకుని బయటికి వచ్చాడు. బూడిద రంగు రాడ్డు. పిడి దగ్గర బెండు అరిగి, ఇంకొకరి అరచేతి గుంట పడి ఉంది. ముక్కలు కూర్చి కృపాకర్ చేతికిచ్చాడు.

"గిది అయిదో నంబరు. పట్టుకోని జూడండ్రి."

కృపాకర్ ఎత్తాడు. ఎత్తిన చేయి అక్కడే నిలిచింది. మణికట్టు కొంచెం కదిపితే కొసదాకా వణుకు పాకింది. "గిదేంది, పుల్ల పట్టుకున్నట్టే ఉన్నది" అన్నాడు.

రీలు దగ్గర మళ్లీ తేడా వచ్చింది. కృపాకర్ చూపు అద్దాల బీరువాలో బంగారు రంగులో మెరుస్తున్న పెద్ద రీలు మీద ఉంది. ఓదెలు ఇంజనీరు కోసం వచ్చిన చిన్న రీలు తీశాడు. ఏ మెరుపూ లేదు, మూత తీసిన జర్దా డబ్బాలా ఉంది.

"గీ తరీకల రీలుకు పని తక్కువ సార్. దారం దాసుకునే డబ్బ అనుకోండ్రి. రాడ్డుకు సరితూగితే సాలు." రీలును రాడ్డుకు బిగించి, పిడి కింద ఒక్క వేలు పెట్టి వదిలాడు. రాడ్డు ఆ వేలి మీద అటూ ఇటూ రెండుసార్లు ఊగి నిలిచింది. "గా పెద్దది పెడితే ఎన్కకు పడిపోతది."

"నువ్వు జెప్పినట్టే కానియ్యి."

"ఏ చేత్తో ఇసుర్తరు?"

"కుడిచేత్తోనే. ఎడమది గిట్లాయె. బొగ్గు టబ్బుల నడుమ లింకుల నలిగింది, తొంభై ఎనిమిదిల."

ఓదెలు ఆ చేయి తీసుకుని చూశాడు. మిగిలిన మూడు వేళ్లనూ ముడిచి విప్పించాడు. దారం పట్టుకోవడానికి బొటనవేలూ చూపుడువేలూ చాలు. రీలు పిడి తిప్పడానికి మాత్రం ఆ చేయి నిలవదు. రీలు మూత విప్పి, లోపలి పళ్ల చక్రాన్ని తిరగేసి, కుడిచేత్తో తిప్పుకునేటట్టు మార్చాడు. అంటే దారం మొత్తం ఇటునుంచి అటు చుట్టాలి. మళ్లీ పాదాల మధ్య పెన్సిల్ బిగించాడు. ముందు సన్నటి తాడు, దానికి ముడేసి లావుపాటి పసుపుపచ్చ దారం, దాని కొసకు నైలాన్ దారం. ఒక్కో ముడిని ఉమ్మితో తడిపి, మెల్లగా బిగించి, గోటితో గీకి చూసుకున్నాడు. కృపాకర్ స్టూలు జరుపుకుని కూర్చుని చూస్తూ ఉన్నాడు. ఇద్దరి ఊపిరీ వినబడుతోంది. ఎవరి ఊపిరి ఏదో తెలియడం లేదు.

గాలం కట్టకుండా, కట్టమ్మ అన్నం డబ్బాకు చుట్టిచ్చిన ఎర్ర ఉన్నిదారం ఒక ముక్క తెంపి కొసకు కట్టాడు. "నేర్సుకునేటప్పుడు గాలం వద్దు. చెవులకు తగుల్తది."

దుకాణం వెనక ఖాళీ జాగాలో గడ్డి కోసి ఉంది. ఎండ ఇంకా గట్టిపడలేదు. ఓదెలు రాడ్డు తీసుకుని కొంత దారం నేల మీదికి వదిలాడు.

"ఎన్కకు లేపాలె. చెవు దగ్గర ఆపాలె. ఎన్కకు వోయిన దారం సాఫయ్యేదాంక ఆగాలె. అప్పుడు ముంగటికి."

"ఎంతసేపు ఆగాలె?"

"ఒక ఊపిరి తీసుకునేంత సేపు."

"ఎవరిది, నీదా, నాదా?"

ఓదెలు నవ్వాడు. అతను నవ్వడం ప్రేమ్‌చంద్ వెనక తలుపులోంచి చూశాడు.

మొదటిసారి దారం కుప్పగా పడింది. రెండోసారి ముడుచుకుంది. నాలుగేళ్లయింది మరి. మూడోసారి వెనక్కి లేపి, చెవి దగ్గర ఆపి, ఆగాడు. వెనక దారం సాగుతున్న బరువు రాడ్డులోంచి అరచేతికి, అరచేతినుంచి మోచేతికి వచ్చింది. చేతిలో ఎవరో తమ చేయి పెట్టినట్టు వచ్చింది. ముందుకు వదిలాడు. పసుపుపచ్చ దారం తల మీదినుంచి పోయి, ఒక మెలిక విప్పుకుంటూ విప్పుకుంటూ, చివరికి ఎర్ర ఉన్నిదారంతో సహా గడ్డి మీద చాచిన గీతలా పడుకుంది. నలభై అడుగులు ఉంటుంది.

ఓదెలు దానివైపు చూస్తూ నిలబడ్డాడు. యాభై ఏళ్లుగా దారం అతని చేతుల్లోకి వచ్చింది, అక్కడినుంచి ఇంకొకరి చేతుల్లోకి పోయింది. తన చేతినుంచే బయలుదేరి ఇంత దూరం పోయిన దారాన్ని అతను ఎన్నడూ చూడలేదు. ఇంకోసారి ఇసరాలనిపించింది. చేయి లేవలేదు. భుజం నుంచి మోచేతిదాకా ఇసుక నింపినట్టుంది. ఆ క్షణాన అతనికి ఒక సంగతి, ఎప్పుడో తెలిసిందే మళ్లీ తెలిసినట్టు, మామూలుగా తోచింది. తాను చిల్పూర్ పోడు. పోవడానికి ఎవరూ అడ్డం లేరు, అయినా పోడు. దుఃఖం కలగలేదు. బరువొకటి దించుకున్నట్టే ఉంది.

"గిట్ల" అని రాడ్డు కృపాకర్ చేతికిచ్చి, గోడ నీడన ఇటుకల మీద కూర్చున్నాడు.

కృపాకర్‌కు గంట పట్టింది. దారం మెడకు చుట్టుకుంది, కాళ్లకు చుట్టుకుంది. ప్రతిసారీ ఓదెలు కూర్చున్నచోటునుంచే "ఆగాలె సార్" అన్నాడు. "తొందర బాయిల అలవాటు" అన్నాడు కృపాకర్ ఒకసారి, "టబ్బు నింపాలె, బయటవడాలె." ఎన్నోసారో తెలియదు గానీ ఒక్కసారి ఆగాడు. దారం సాగింది. చక్కగా పోయి పడింది. కృపాకర్ రాడ్డు పట్టుకున్న చేయి అలాగే ముందుకు చాచి ఉంచి, తలెత్తి, నోరు కొంచెం తెరిచి, గాలి లోపలికి తీసుకున్నాడు. నుదుటి మీది నీలం చుక్కలు చెమటకు తడిసి మెరిశాయి.

తర్వాత రాడ్డును వేళ్లతో తడుముతూ కొస దగ్గరికి వచ్చి ఆగాడు. "అతుకున్నది ఈడ."

"ఆడ విరగది. విరిగితే ఇంకోకాడ విరుగుతది."

"ఎవలదన్నా గిది? కొత్తది గాదు."

"దుకాణందే" అన్నాడు ఓదెలు.

ప్రేమ్‌చంద్ అది విన్నాడు. లోపలికి పోయి ఎనిమిదో నంబరు రాడ్డును కాగితంలో చుట్టి మూలన పెట్టి, దాని గట్టి గొట్టం ఖాళీ చేసి తెచ్చాడు. "అతికిన రాడ్డుకేం తీసుకోం సార్. రీలుకు, దారానికి ఇయ్యండ్రి. గీ గొట్టంల పెట్టుకోని పోండ్రి, బండి మీద దెబ్బ తగల్దు." ఓదెలు వైపు చూడలేదు.

కృపాకర్ గొట్టాన్ని భుజానికి తగిలించుకుని బండెక్కబోయి మళ్లీ దిగాడు.

"ఎల్లుండి ఐతారం. చర్చి కాంగనే చెరువుకు వోత. నువ్వు గూడ రా అన్నా."

"చూద్దాం సార్."

"చూద్దాం గాదు. ఈడికే వచ్చి తోల్కవోత."

"వస్త" అన్నాడు ఓదెలు.

మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచాడు. వంకాయ కూర, పచ్చిపులుసు. సగం తిని మూత పెట్టాడు. "జర నడుం వాలుస్త సేటూ" అని చెప్పి వెనక గదిలో వలల మూటల మీద పక్కకు తిరిగి పడుకున్నాడు. కొత్త నైలాన్ వాసన. రోడ్డు మీద లారీలు పోతున్నాయి. మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని, కుడిచేయి చెంప కింద పెట్టుకున్నాడు.

రెండున్నరకు ఐలమ్మ అనే చేపలమ్మే ఆమె బెండ్ల కోసం వచ్చింది. ప్రేమ్‌చంద్ రెండుసార్లు కేకేశాడు. పిలిస్తే పలకకపోవడం ఓదెలుకు అలవాటు లేదు. మూడోసారి పిలవకుండా లేచి లోపలికి పోయాడు. ఓదెలు పడుకున్నట్టే ఉన్నాడు. ప్రేమ్‌చంద్ భుజం మీద చేయి వేసి, కొంచెంసేపు అలాగే ఉంచి, పక్కన మూట మీద కూర్చుండిపోయాడు. బయటినుంచి ఐలమ్మ, "ఏమాయె కొడుకా, బెండ్లు లేవా?" అని అడుగుతూనే ఉంది.

దవాఖానకు తీసుకెళ్లారు గానీ అక్కడ చేయడానికి ఏమీ లేకపోయింది. గుండె అన్నారు. చాలా రోజులుగా ఇబ్బంది పెడుతూ ఉండాలే, ఏమీ చెప్పలేదా అని అడిగారు. కట్టమ్మ ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. పోపు వాసన చేతులతోనే వచ్చింది. "ఏం జెప్పలే" అంది.

ఆదివారం చర్చి అయ్యాక కృపాకర్ దుకాణానికి వచ్చాడు. వచ్చేదాకా అతనికి తెలియదు. ప్రేమ్‌చంద్ చెప్పాడు. ఓదెలు చెప్పనిది కూడా, ఆ రాడ్డు ఎవరిదో కూడా చెప్పాడు. కృపాకర్ మెట్టు మీద చాలాసేపు కూర్చున్నాడు. ఆ ఆదివారం చెరువుకు పోలేదు. తర్వాతి ఆదివారం పోయాడు. ఒక చిన్న పరక చేప పడితే, ఓదెలు వేసిన ముడి దగ్గర వేలితో తడిమి చూసి, చేపను నీళ్లలోకి వదిలేశాడు. ఈ సంగతి అతనే వచ్చి ప్రేమ్‌చంద్‌కు చెప్పాడు.

పన్నెండో రోజు దాటాక కట్టమ్మ భర్త వస్తువులు తీసుకుపోవడానికి వచ్చింది. కళ్లజోడు, అన్నం డబ్బా, చలికాలం వేసుకునే స్వెట్టర్. వెనక గదిలో తలుపు చాటున మేకుకు పొడుగాటి గుడ్డసంచి ఒకటి వేలాడుతోంది. కట్టమ్మ దాన్ని దింపింది. వంగపండు రంగు బట్ట. అది తన పాత చీర. మూడేళ్ల కింద ఒక రాత్రి ఓదెలు పుల్లతో కొలత చూపించి, గింత పొడుగు, లోపల నాలుగు సన్నటి అరలు, కుట్టు జర అన్నాడు. గిదేంది గింత సన్నగ, ఏం పెడ్తవ్ గిండ్ల అని ఆమె అడిగింది. అతను ఏదో గొణిగాడు. ఆమె చేతికుట్టు వేసి ఇచ్చింది, మరిచిపోయింది.

"గిండ్ల ఏముండె తమ్మీ?"

"రాడ్డుండె వదినా. ఆయిన సొంతం రాడ్డు."

"ఆయినకు రాడ్డెక్కడిది?" అంది కట్టమ్మ. "ఏదది?"

"ఒకాయినకు ఇచ్చిండు. గా పొద్దుననే."

"అమ్మిండా?"

"లేదు. ఇచ్చిండు."

కట్టమ్మ మూట మీద కూర్చుని సంచిని ఒళ్లో పరుచుకుంది. ఒక్కొక్క అరలో వేలు పెట్టి అడుగుదాకా చూసింది. ఏమీ లేదు. బట్ట మీద మాత్రం రాడ్డు మీద దారం పోయే రింగులు ఒత్తుకున్న గుండ్రటి గుర్తులు, పిడివైపు పెద్దవి, కొసకు పోయినకొద్దీ చిన్నవి, చివరిది ఆవగింజంత, వరసగా ఉన్నాయి.